ఒంటికి ఆగుతలేదు: చాట్‌బాట్ రాసిన కేస్ షీట్‌లో పోయిన లక్షణం

నల్గొండ జిల్లా మునుగోడు వైపు పల్లెలో పుట్టి పెరిగి, అరవై ఏళ్ళకు దగ్గరపడిన ఒక రైతు మా విద్యార్థినితో ఒక మాట చెప్పాడు. ఆ మాట ఆమె ఫోన్‌లో సరిగ్గానే నమోదైంది కానీ, అక్కడి నుంచి మా విభాగం కేస్ షీట్‌లోకి వచ్చేలోపు మాయమైంది. అది ఎలా పోయింది, ఎనిమిది రోజుల తరువాత ఎలా దొరికింది, ఆ తరువాత మా విద్యార్థులు చాట్‌బాట్లను వాడే పద్ధతిలో ఏమి మార్చుకున్నాము అన్నదే ఈ కేస్ స్టడీ. రోగి, ఆయన భార్య, విద్యార్థిని ముగ్గురి సమ్మతితో రాస్తున్నాను; మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను. నేను కమ్యూనిటీ మెడిసిన్ బోధకుణ్ణి. ఈ పొరపాటులో నా వాటా కూడా ఉన్నది, దానిని సందర్భం వచ్చినచోట చెబుతాను.

కేసు మా దగ్గరికి వచ్చిన తీరు

జాతీయ వైద్య కమిషన్ 2022లో ప్రవేశపెట్టిన కుటుంబ దత్తత కార్యక్రమం ప్రకారం ఎంబీబీఎస్ విద్యార్థులు చదువు మొదలైనప్పటి నుంచీ కొన్ని పల్లె కుటుంబాలను తమవిగా చూసుకుంటూ, వాళ్ళ ఆరోగ్య వివరాలను లాగ్‌బుక్‌లో రాయాలి. మా విద్యార్థులు కళాశాల బస్సులో పల్లెకు వెళ్ళి, ఆశా కార్యకర్త వెంట ఇల్లిల్లూ తిరిగి, సాయంత్రానికి హాస్టల్‌కు చేరి, రాత్రి కూర్చుని రాసుకుంటారు. మూడో సంవత్సరం చదువుతున్న ఈ విద్యార్థిని ఉమ్మడి పాలమూరు జిల్లాలోని ఒక పల్లె నుంచి వచ్చింది. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలోనే చదివింది. రోగులతో మాట కలపడంలో ఆ బ్యాచ్‌లో ఆమెకు సాటి వచ్చేవాళ్ళు ఇద్దరు ముగ్గురికి మించి లేరు. ఇంగ్లీషులో కేసు చదివి వినిపించమంటే మాత్రం గొంతు తగ్గిపోతుంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉన్నది.

ఆమె దత్తత తీసుకున్న కుటుంబాల్లో ఒకదాని పెద్ద ఈ రైతు. ఊళ్ళోకి మిషన్ భగీరథ నల్లా వచ్చింది కాబట్టి ఇంట్లో కృష్ణా నీళ్ళే తాగుతున్నా, పగలంతా చేను దగ్గర బోరు నీళ్ళే తాగుతాడు. అంతకు ముందు నలభై ఏళ్ళు ఇంటా బయటా తాగినవి బోరు నీళ్ళు, బావి నీళ్ళే. నీళ్ళలో ఎక్కువైన ఫ్లోరైడ్ వల్ల వచ్చే నల్గొండ ఫ్లోరోసిస్ గురించి తెలుగు పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. దేశంలో ఈ జబ్బును మొదట 1937లో నెల్లూరు జిల్లా నుంచి షార్ట్ బృందం నివేదించింది, 1955లో ఏ.హెచ్. సిద్దిఖీ నల్గొండ జిల్లా రోగుల గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతికి నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) మన జిల్లా పేరే పెట్టింది. అందువల్ల ఇక్కడ చదివే పిల్లలకు ఫ్లోరోసిస్ అన్న పేరు నాలుక చివరే ఉంటుంది. గార పట్టిన పళ్ళు, వంగని నడుము, తిరగని మెడ చూడగానే జబ్బును పోల్చుకుంటారు. పోల్చుకున్న తరువాత అక్కడే ఆగిపోతారు కూడా. ఎముక గట్టిపడడం ఈ జబ్బులో కంటికి కనిపించే భాగం. వెన్నెముక లోపలి స్నాయువులు కూడా ఎముకగా మారి, వెన్నుపాము ఉండే గొట్టాన్ని ఇరుకు చేసి, నరాలను నొక్కడం అడిగితే తప్ప బయటపడని భాగం. మంచం పట్టించేది ఈ రెండోదే.

ఆ రోజు ఆమె ఫోన్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగులో టైపు చేసుకున్న నోట్స్ ఇవి. తెలుగు లిపిలోకి మార్చి ఇస్తున్నాను: "పానం బాగుంటలేదు. నడుం పట్టుకపోయింది, మెడ తిరుగుతలేదు, చాన ఏండ్ల సంది. కాళ్ళు తిమ్మిర్లు, మూడు నెలల సంది. ఒంటికొస్తే ఆగుతలేదు. షుగర్ లేదు. బీపీ గోలి వేసుకుంటడు. చేను కాడ బోరు నీళ్ళు." దీని కింద బీపీ అంకెలు, నాడి, గడ్డం ఛాతీకి ఆనడం లేదనీ, నేల మీది నాణెం వంగి తీయలేకపోయాడనీ రెండు ముక్కలు ఉన్నాయి. నరాల పనితీరు తెలుసుకోవడానికి సుత్తితో కొట్టి చూసే మోకాలి రిఫ్లెక్సులు చూడలేదు. సుత్తి తీసుకుపోలేదు. పల్లెకు వెళ్ళేటప్పుడు బీపీ మిషను పెట్టుకున్నట్టు సుత్తి పెట్టుకొమ్మని మేమూ ఎన్నడూ చెప్పలేదు.

కేస్ షీట్‌లో ఏమున్నది

అది ఇంటర్నల్ పరీక్షల వారం. రాత్రి పదకొండు దాటిన తరువాత ఆమె ఆ నోట్స్‌నూ, వివరాలు మళ్ళీ టైపు చేయడానికి ఓపిక లేక రోగి పాత ఓపీ చీటీ ఫొటోనూ ఉచితంగా దొరికే ఒక చాట్‌బాట్‌కు ఇచ్చి, పూర్తి క్లినికో సోషల్ కేస్ షీట్ ఇంగ్లీషులో రాయమని అడిగింది. ఒక నిమిషంలోపే మూడు పేజీలు వచ్చాయి. ప్రింటు తీసి, లాగ్‌బుక్‌లో అంటించి, నా బల్ల మీద పెట్టింది.

నేను చదివాను. బాగున్నదనిపించింది. మా విద్యార్థుల కేస్ షీట్లలో సాధారణంగా ఉండే తెగిన వాక్యాలు, తప్పు కాలాలు, ఒకే సంగతి రెండుచోట్ల రావడం లాంటివేవీ లేవు. అంచున ఎర్ర సిరాతో మెచ్చుకోలు మాట ఒకటి రాసి, సంతకం చేయకుండా పక్కన పెట్టాను. సంతకం చేయకపోవడానికి కారణం నా జాగ్రత్త అనుకుంటారేమో, కాదు. అదే సమయానికి ఎవరో పిలిస్తే లేచి వెళ్ళాను. ఆ ఎర్ర సిరా మాటను ఇప్పుడు చూసినా నాకు సిగ్గే.

ఆ షీట్‌లో ఆయన ఫిర్యాదులు ఇలా మారాయి. "పానం బాగుంటలేదు" అన్నది జీవితం పట్ల సంతృప్తి లేకపోవడంగా, మనసు కుంగి ఉండడంగా మారి, కుంగుబాటుకు స్క్రీనింగ్ చేయాలన్న సలహా దాకా పోయింది. పానం అంటే ఇక్కడ ఒంట్లో నలత అని చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. "తిమ్మిర్లు" అన్నది కండరాల కొంకర్లు అయింది, అంటే నరాలకు చెందిన లక్షణం కండరాలకు చేరింది. "ఒంటికొస్తే ఆగుతలేదు" అన్నది ఒళ్ళంతా నొప్పి వస్తే ఎడతెరిపి లేకుండా ఉంటున్నదని అయింది. ఆయన చెప్పింది మూత్రం వస్తే ఆపుకోలేకపోతున్నానని. మెడ తిరగని మనిషికి కాళ్ళలో తిమ్మిర్లు మొదలై మూత్రం ఆగకపోతే వెన్నుపాము నొక్కుకుపోతున్నదేమోనని అనుమానించాలని మూడో సంవత్సరం విద్యార్థికి తెలుసు, తెలియకపోతే నేర్పవలసిన మొదటి సంగతి అదే. మూడు పేజీల చక్కని ఇంగ్లీషులో ఆ మూడు ముక్కల్లో ఒక్కటే మిగిలింది.

దీనికి మించిన ప్రమాదం పరీక్షల భాగంలో ఉన్నది. నాడీ వ్యవస్థ అన్న శీర్షిక కింద, రోగి మెలకువగా, స్పృహలో ఉన్నాడు, నో ఫోకల్ న్యూరలాజికల్ డెఫిసిట్ (నరాల లోపమేదీ లేదు), రిఫ్లెక్సులు రెండు వైపులా సమానంగా సాధారణంగా ఉన్నాయి అని రాసి ఉన్నది. ఎవరూ చూడని రిఫ్లెక్సులు అవి. చివరన సలహాల్లో నొప్పి మాత్రలు, కాల్షియంతో పాటు ఫిజియోథెరపీ, మెడ వ్యాయామాలు కూడా ఉన్నాయి. వెన్నుపాము నొక్కుకుపోయి ఉండవచ్చన్న అనుమానం తీరకముందే మెడను అటూ ఇటూ తిప్పించడం ఎంత అపాయమో వైద్యులకు చెప్పనక్కరలేదు. నల్గొండ ఫ్లోరోసిస్ మీద 2014లో జరిగిన సర్వే అంటూ ఒక పేపరు పేరు, రచయితల పేర్లు, శాతాలు కూడా ఇచ్చింది. తరువాత మా లైబ్రరీలోనూ, వైద్య పేపర్ల ఆన్‌లైన్ సూచిక పబ్‌మెడ్‌లోనూ వెతికితే అలాంటి పేపరు దొరకలేదు. నిజంగా ఉన్న సిద్దిఖీ వ్యాసం మాత్రం ఆ జాబితాలో లేదు.

ఎనిమిదో రోజు

కేస్ చర్చలో ఆమె ఆ షీట్ చూసి చదువుతున్నది. నాడీ వ్యవస్థ దగ్గరికి వచ్చేసరికి, ఎప్పుడూ అడిగే అలవాటు కొద్దీ, ప్లాంటర్లు, అంటే అరికాలు గీస్తే బొటనవేలు ఎటు కదులుతుందన్నది, ఎలా ఉన్నాయని అడిగాను. పేజీలో వెతికింది. అక్కడ లేదు. మోకాలి రిఫ్లెక్స్ నువ్వే కొట్టి చూశావా అన్నాను. కాసేపు ఊరుకొని, "సుత్తి తీస్కపోలేదు సార్" అన్నది. అబద్ధం చెప్పకపోవడమే ఈ కేసులో మాకు కలిసివచ్చిన మొదటి సంగతి.

అయితే ఈ వాక్యం ఎవరు రాశారని అడిగితే ఫోన్ తీసి చూపించింది. ముందు నీ నోట్స్ చదువమన్నాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ఆ తెలుగును పైకి చదువుతూ "ఒంటికొస్తే ఆగుతలేదు" అనగానే, గది వెనుక రిజిస్టర్లు సర్దుతున్న మా మెడికల్ సోషల్ వర్కర్ తల తిప్పి, "ఒంటికి ఆగకపోతే ఇన్ని రోజులు ఊరుకున్నరా?" అన్నది. ఆ తరువాత గదిలో ఎవరూ మాట్లాడలేదు. విద్యార్థినికి ఆ మాట అర్థం తెలియక కాదు. వాళ్ళ ఇంట్లోనూ అదే మాట. ఆయన చెప్పినప్పుడు ఆమెకు సరిగ్గానే అర్థమైంది, సరిగ్గానే టైపు చేసుకున్నది. రాత్రి ఆ మూడు పేజీలు చదివినప్పుడు మాత్రం, ఇంత బాగా రాసినదానిలో తప్పు ఉండదనిపించి, తన నోట్స్‌ను మళ్ళీ తెరవలేదు. ఆమె తరువాత నాతో అన్న మాటలు ఇవి: "నా ఇంగ్లీష్ కన్నా అది మంచిగున్నది సార్, అందుకే నాకన్నా దానికే ఎక్కువ తెలుసనుకున్న."

యంత్రం ఇచ్చిన సమాధానానికి మనిషి తన కళ్ళకూ చెవులకూ ఇవ్వనంత విలువ ఇవ్వడాన్ని ఆటోమేషన్ బయాస్ అంటారు. ఆరోగ్య రంగంలో చాట్‌బాట్ల వెనుక ఉండే పెద్ద నమూనాల వాడకం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ ప్రమాదాన్ని ప్రస్తావించారు. కానీ మా గదిలో జరిగినదాన్ని ఆ ఒక్క పేరుతో సరిపెట్టడం నాకు ఇష్టం లేదు. క్లినికల్ మెథడ్స్ పుస్తకం ఏది తెరిచినా, రోగి ఫిర్యాదులను రోగి మాటల్లోనే రాయాలని ఉంటుంది. మన రోగి తెలుగులో చెబుతాడు, విద్యార్థి తెలుగులో వింటాడు, మేము మాత్రం లాగ్‌బుక్‌ను ఇంగ్లీషులో అడుగుతాము, ఇంగ్లీషు బాగుంటే మార్కులు వేస్తాము. ఆ పిల్ల రాత్రి పదకొండు గంటలకు చాట్‌బాట్ తెరిచింది మేము పెట్టిన ఈ అవసరం తీర్చుకోవడానికే.

మర్నాడు ఆసుపత్రిలో

ఆశా కార్యకర్తకు ఫోన్ చేసి, ఆయనను మర్నాడు పొద్దున్నే ఆసుపత్రికి తీసుకురమ్మన్నాము. అంతవరకు మెడకు ఏ వ్యాయామమూ చేయించవద్దని కూడా చెప్పించాము. అదృష్టవశాత్తు ఎవరూ చేయించలేదు.

పరీక్షకు ముందే ఆయన భార్య చెప్పిన సంగతి మాకు చాలా ఉపయోగపడింది. "నడుస్తుంటే చెప్పు ఏడ జారిపోతదో ఆయనకు ఎరుకుండది సారూ, నేనే ఎనకకు పోయి తెస్త" అన్నది. కాలికి బలం తగ్గి చెప్పు జారితే జారినట్టు మనిషికి తెలుస్తుంది. స్పర్శ తగ్గి జారితే తెలియదు. ఈ తేడాను వైద్య విద్యార్థులకు బల్ల గుద్ది నేర్పుతారు, ఆమె దానిని ఎవరూ నేర్పకుండానే చెప్పింది. విద్యార్థిని ఈసారి ఆ మాటను ఉన్నది ఉన్నట్టు తెలుగు లిపిలో రాసుకున్నది.

రెండు కాళ్ళలో బిగువు పెరిగి ఉన్నది. మోకాలి, మడమ రిఫ్లెక్సులు చురుకుగా ఉన్నాయి, చీలమండ దగ్గర క్లోనస్ (పాదం ఆగకుండా అదరడం) కనిపించింది, రెండు ప్లాంటర్లూ పైకి లేచాయి; ఇవన్నీ వెన్నుపాము దెబ్బతిన్న గుర్తులు. ట్యూనింగ్ ఫోర్క్ అదురు మోకాళ్ళ కింద తెలియడం లేదు. కుడి చేతి పట్టు ఎడమదానికన్నా తక్కువగా ఉన్నది. ముంజేతి ఎక్స్‌రేలో రెండు ఎముకల నడుమ ఉండే పొర సున్నం పట్టి ముళ్ళకంచెలాగా కనిపించింది. వెన్నెముక ఎక్స్‌రే సుద్ద పూసినంత తెల్లగా వచ్చింది. బీ12 లోపం కాదని రక్త పరీక్షలో తేల్చుకున్నాము, వెన్నెముక క్షయ లక్షణాలు లేవు. ఎంఆర్‌ఐలో మెడ వెన్నుపూసల దగ్గర స్నాయువులు ఎముకగా మారి వెన్నుపామును ముందు నుంచీ వెనుక నుంచీ నొక్కుతున్నాయి. చేను దగ్గరి బోరు నీటిని పరీక్షకు పంపితే, లీటరుకు 1.5 మిల్లీగ్రాములన్న పరిమితికి రెండింతలు దాటి ఫ్లోరైడ్ ఉన్నది. హైదరాబాద్‌లోని ఒక పెద్ద ప్రభుత్వ ఆసుపత్రిలో న్యూరోసర్జరీ విభాగానికి పంపాము, అక్కడ వెన్నుపాము మీది ఒత్తిడి తీసేసే డికంప్రెషన్ శస్త్రచికిత్స చేశారు.

ఎనిమిది రోజుల ఆలస్యం వల్ల ఆయనకు ఎంత నష్టం జరిగిందని మా సహోద్యోగులు అడిగారు. మూడు నెలలుగా ఉన్న ఒత్తిడిలో ఎనిమిది రోజులు పెద్ద తేడా తెచ్చి ఉండకపోవచ్చు, తెచ్చిందని చెప్పి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కాకపోతే ఆ ఎనిమిది రోజుల్లో ఆయన చేను గట్టు మీద జారి పడి ఉంటే కథ వేరుగా ఉండేది. నేను సంతకం చేసి ఉంటే అది ఎనిమిది రోజులతో ఆగేదీ కాదు, ఎందుకంటే రిఫ్లెక్సులు సాధారణమని రాసిపెట్టి ఉన్న కాగితాన్ని చూసిన తరువాతి డాక్టరు మళ్ళీ సుత్తి తీయడు.

ఎందుకలా రాసింది

విద్యార్థులు అడిగారు కాబట్టి దీనిమీద ఒక మధ్యాహ్నం కూర్చున్నాము. పేరు, ఊరు, వయసు అన్నీ తీసేసి, ఆ నోట్స్‌నే నలుగురు విద్యార్థులు వేర్వేరు ఫోన్లలో వేర్వేరు విధాలుగా అడిగి చూశారు.

ఈ నమూనాలు తాము చదివిన కోట్లాది వాక్యాలను బట్టి, ఇప్పటి వరకు వచ్చిన మాటల తరువాత ఏ ముక్క రావడానికి ఎక్కువ అవకాశం ఉన్నదో లెక్కకట్టి, ఒక్కొక్క ముక్కనే పేర్చుకుంటూ పోతాయి. కేస్ షీట్ అనే రూపానికి నాడీ వ్యవస్థ అన్న శీర్షిక ఉంటుంది; ఆ శీర్షిక కింద అది చూసిన కేస్ షీట్లలో ఎక్కువసార్లు కనిపించే మాట "డెఫిసిట్ లేదు" అన్నదే. ఖాళీ ఉండడం దానికి అలవాటైన రూపం కాదు. అందువల్ల అడిగినది పూర్తి కేస్ షీట్ అయితే, లేనిదాన్ని నింపి పూర్తి చేస్తుంది. దానికి దురుద్దేశం అంటగట్టడం ఎంత అమాయకమో, దాని నిజాయితీని నమ్ముకోవడం కూడా అంతే.

మాట సంగతి ఇంకా ఆసక్తిగా ఉన్నది. ఒంటి అన్నది తెలుగులో మూడు దారుల్లో పోతుంది. ఒంటి మీద బట్టలు అన్నప్పుడు ఒళ్ళు, ఒంటి కన్ను అన్నప్పుడు ఒకటి, ఒంటికి పోయి వస్తానన్నప్పుడు బడిలో ఒక వేలు చూపించి అడిగే మూత్రం. రెంటికి అన్న జంట మాట పక్కన ఉంటే తప్ప రాతలో ఈ తేడా తెలియదు. పైగా ఈ మూడో వాడుక పత్రికల్లో, పుస్తకాల్లో రాదు. ఇళ్ళల్లో, బడుల్లో, దవాఖానాల్లో వస్తుంది. ఇంటర్నెట్లో ఉన్న తెలుగే తక్కువ, అందులో మన వైపు మాట ఇంకా తక్కువ, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే దానికి ఒక స్థిరమైన వర్ణక్రమమే ఉండదు. మా నలుగురు విద్యార్థులకు ఒకే వాక్యానికి నాలుగు అర్థాలు వచ్చాయి. ఒకరికి ఒంటరిగా ఉన్నప్పుడు ఆందోళన అని కూడా వచ్చింది. ఇది ఖచ్చితమేనా అని అడిగితే క్షమించమని చెప్పి, అంతే ధీమాగా ఇంకో తప్పు అర్థం ఇచ్చింది. తెలుగు లిపిలో, ముందు వెనుక వాక్యాలతో రాసినప్పుడు రెండుసార్లు సరైన అర్థమూ వచ్చింది. సమస్య ఏమిటంటే, తప్పు వచ్చినప్పుడూ సరైనది వచ్చినప్పుడూ దాని గొంతులో తేడా లేదు.

చివరలో ఒక విద్యార్థి ప్రశ్నను తిరగేశాడు. కేస్ షీట్ రాయమనకుండా, మెడ తిరగక కాళ్ళలో తిమ్మిర్లున్న ఫ్లోరోసిస్ రోగిని చూశాను, నేను అడగడం మరిచిపోయినవి ఏమిటో చెప్పమన్నాడు. మొదటి వరుసలోనే మూత్రం ఆగడం, విరేచనం మీద పట్టు, చెప్పు జారడం, చేతి పట్టు, మెడ వంచితే వెన్నులో కరెంటు కొట్టినట్టు ఉండడం అన్నీ వచ్చాయి. విద్యార్థిని కేస్ షీట్‌లో చెరిపేసిన లక్షణాన్నే ఈసారి అది మొదట అడగమన్నది. ఈ ఒక్క ప్రయోగం మా విభాగంలో ఒక గంట ఉపన్యాసం కన్నా ఎక్కువ పనిచేసింది.

రోగి పేరు ఎక్కడికి పోయింది

ఓపీ చీటీ ఫొటో విషయం విడిగా చెప్పాలి. దాని మీద ఆయన పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోన్ నంబరు, బీపీ మందుల వివరాలు ఉన్నాయి. వైద్య వృత్తి నడవడి మీద 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి రోగి రహస్యాలను బయటపెట్టవద్దంటుంది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. అదే ఏడు భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) వైద్య పరిశోధనలో, ఆరోగ్య రంగంలో కృత్రిమ మేధ వాడకానికి నైతిక మార్గదర్శకాలు ఇచ్చింది, వాటిలో గోప్యతకు పెద్ద చోటు ఉన్నది. ఇవన్నీ మా విద్యార్థులకు పరీక్షలో రాయడానికి తెలుసు. ఫోన్‌లో ఫొటో ఎక్కించేటప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు, ఎందుకంటే అది ఎవరికో చెబుతున్నట్టు అనిపించదు, తన నోట్‌బుక్‌లో రాసుకుంటున్నట్టే ఉంటుంది.

ఆ సంభాషణను తొలగించి, జరిగిన సంగతి రోగికి చెప్పాలని నిర్ణయించాము. కొందరు వద్దన్నారు, ఆయనకు అర్థం కాదన్నారు. వార్డులో మంచం పక్కన కూర్చుని విద్యార్థినే చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, "మరి నా పేరు ఇప్పుడు ఏడున్నది బిడ్డా? ఎవ్వరు చూస్తరు?" అన్నాడు. ఆయనకు అర్థం కాదన్నవాళ్ళు అక్కడే ఉన్నారు. తొలగించామని చెప్పగలిగాము గానీ, ఏ దేశంలో ఏ యంత్రంలో దాని నకలు మిగిలిందో చెప్పలేకపోయాము. ఆయన కోపం చేయలేదు, "ఇంకోసారి ఎవ్వరివి పెట్టకు" అని మాత్రం అన్నాడు.

విభాగంలో చేసుకున్న మార్పులు

మొదట వచ్చిన సూచన నిషేధం. లాగ్‌బుక్ రద్దు చేసి, విద్యార్థినిపై చర్య తీసుకోవాలని ఒక సీనియర్ గట్టిగా వాదించారు. నేను ఒప్పుకోలేదు. వాడకూడదని మేము ఎక్కడా రాసి పెట్టలేదు, అడిగితే ఆమె దాచలేదు, నిషేధిస్తే రేపటి నుంచి అదే పని హాస్టల్ గదిలో దాచి చేస్తారు, మాకు ఫోన్ చూపించే విద్యార్థి ఉండరు. ఆమె కేసును మొదటి నుంచి తన చేత్తో మళ్ళీ రాసింది, దానినే లెక్కలోకి తీసుకున్నాము.

ఇప్పుడు కేస్ షీట్ మొదటి పేజీ తెలుగులో ఉంటుంది. రోగి మాటను, రోగి అన్నట్టే, తెలుగు లిపిలో, పల్లెలోనే, రోగి ముందే రాయాలి. దాని కింద విద్యార్థి తన సొంత ఇంగ్లీషులో వైద్య పరిభాష రాస్తాడు, తప్పులుంటే మేము దిద్దుతాము, ఇంగ్లీషుకు మార్కులు తీసేశాము. పరీక్ష చేయనిచోట "చూడలేదు" అని రాయడం తప్పనిసరి. అలా రాసినందుకు మార్కు తగ్గదు, చూడకుండా సాధారణమని రాస్తే ఆ భాగమంతా సున్నా. ఈ రెండు పేజీలు నా చేతికి వచ్చేవరకు చాట్‌బాట్ ఆ కేసు దగ్గరికి రాకూడదు. వచ్చిన తరువాత ఎంతైనా వాడుకోవచ్చు: నేను అడగనివి ఏమిటి, నా రోగ నిర్ణయానికి ఎదురు నిలిచే లక్షణం ఏది, నన్ను వైవాలో (మౌఖిక పరీక్షలో) ఏమి అడుగుతారు అని. అందులో గుర్తించే వివరాలేవీ ఉండకూడదు, ఫొటోలు అసలు కూడదు. ఏది అడిగారో, ఏది తీసుకున్నారో, ఏది తోసిపుచ్చారో చివర నాలుగు వాక్యాల్లో రాయాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 2023లోనే చాట్‌బాట్‌ను రచయితగా చూపకూడదనీ, వాడితే చెప్పాలనీ అన్నది. రేపు పేపర్లు రాయవలసిన పిల్లలకు ఆ అలవాటు లాగ్‌బుక్‌తోనే మొదలైతే మంచిది. గ్రంథ సూచనల విషయంలో ఒకటే మాట: పేపరు తెరిచి చూడకపోతే పేరు రాయవద్దు.

ఈ పద్ధతి పూర్తిగా కుదిరిందని చెప్పను. రెండు పేజీలు రాయడం భారమని ఫిర్యాదులు వస్తున్నాయి, అందులో న్యాయం ఉన్నది. తెలుగు రాని అఖిల భారత కోటా విద్యార్థులకు తెలుగు పేజీ ఎలా అన్నది ఇంకా తేలలేదు. ప్రస్తుతానికి జతగాడు రాస్తున్నాడు, అది తాత్కాలికమే. ఇంకా కొన్ని తప్పులు మా కళ్ళ ముందే జరుగుతున్నాయి. ఆ తరువాత నెలలో ఇదే ఊరి కోసం ఫ్లోరోసిస్ మీద ఒక కరపత్రం తయారుచేయడానికి విద్యార్థులు చాట్‌బాట్ సాయం తీసుకుంటే, భాష నున్నగానే ఉన్నది గానీ మధ్యలో బోరు నీటిని మరగబెట్టి తాగాలని ఒక వాక్యం వచ్చింది. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గినకొద్దీ మిగిలిన నీటిలో దాని పాళ్ళు పెరుగుతాయి. ముద్రణకు ముందు ఆశా కార్యకర్తతో చదివిస్తే, ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇన్నేండ్ల సంది మరగబెట్టుకొనే తాగినం గద సార్, మరి మా నడుములు ఎందుకు వంగినయ్?" అన్నది. ఆ వాక్యం కొట్టేసి, చేను దగ్గరికి కూడా నల్లా నీళ్ళే సీసాలో తీసుకుపోవాలనీ, నల్ల ఉప్పు, పాలు లేని డికాక్షన్ చాయ్ తగ్గించాలనీ, పాలు, మజ్జిగ, ఆకుకూరలు, ఉసిరి, నిమ్మ ఎక్కువగా తినాలనీ మా చేత్తో రాశాము.

శస్త్రచికిత్స అయిన నాలుగో నెలలో రైతు ఫాలో అప్‌కు వచ్చాడు. చేతికర్ర సాయంతో నడుస్తున్నాడు, కాళ్ళ బిగువు కొంత తగ్గింది, కుడి చేతి పట్టు ఇంకా రాలేదు, అంతా వస్తుందని సర్జన్లు కూడా చెప్పలేదు. మెడ ఎప్పటిలాగే బిగుసుకుని ఉన్నది. విద్యార్థిని ఈసారి సుత్తి, ట్యూనింగ్ ఫోర్క్ తెచ్చుకున్నది. ఒంటికి ఎట్లున్నది పెద్దయ్యా అని అడిగింది. "ఇప్పుడు తలుపు దాక ఆగుతున్నది బిడ్డా, రాత్రి పూట ఒక్కటే కష్టం" అన్నాడు. ఆమె ఆ వాక్యాన్ని తెలుగు పేజీలో రాసి, ఇంగ్లీషు పేజీలో మూత్రం తొందర పగటిపూట తగ్గింది, రాత్రి ఉన్నది అని రాసి, పక్కన తరువాతి తేదీ వేసింది.